రాయని పరీక్షకి స్తుతికానుక

మా అమ్మ చర్చిలో లేచి నిలబడి, నేను ఫిజిక్సు పాసైనందుకు దేవుడికి స్తోత్రాలు చెప్పిన ఆదివారం నాటికి నేను ఆ పరీక్ష ఇంకా రాయలేదు. రాయకపోతే పోయె, అసలు రాయకూడదనే నిర్ణయించుకుని, చీరాల పోవడానికి సంచి కూడా సర్దుకుని కూర్చున్నాను. ఈ సంగతి చెబితే ఇప్పటికీ ఎవరూ నమ్మరు. నమ్మకపోతే మా ఊరొచ్చి అడగండి, కోడి తిన్నవాళ్ళు ఇంకా ఉన్నారు.

మాది నగరం అనే ఊరి పక్కన పల్లె. రేపల్లె మాకు టౌను, తెనాలి మాకు పట్నం. ఆ పైన ఏమున్నా అది దేశాంతరమే. అమ్మ నాట్ల ముఠాలో కూలికి వెళ్తుంది. నాన్న రొయ్యల చెరువుల మీద రాత్రి కాపలా. మా ఇంటి నుంచి డిగ్రీ దాకా వెళ్ళిన మొదటి శాల్తీని నేనే. వెళ్ళడం అంటే నిజంగా వెళ్ళడమే. పొద్దున్నే ఆటోలో రేపల్లె, అక్కడి నుంచి పాసింజరు బండిలో తెనాలి, సాయంత్రం మళ్ళీ అదే బండి. మూడేళ్ళు నా చదువుగది ఆ రైలుపెట్టే. భట్టిప్రోలు దాకా కెమిస్ట్రీ, వేమూరు దాకా లెక్కలు, చినరావూరు దగ్గర సిగ్నలివ్వక బండి ఆపేస్తే నాకది అదనపు పీరియడు. అందరూ గార్డుని తిట్టుకుంటుంటే నేనొక్కదాన్నే ఇంకాసేపు ఆపితే బాగుండునని కోరుకునేదాన్ని. జామకాయల బుట్టతో ఎక్కే మామ్మ ఒకావిడ నన్ను చూసి, "చదువుకునే పిల్లమ్మా, కాస్త జరగండి" అని తలుపు పక్క సీటు ఖాళీ చేయించేది. చేయించి, బుట్ట తీసుకొచ్చి నా ఒళ్ళో పెట్టేది. చదువుకునే పిల్ల బుట్ట కూడా చూసుకుంటుందని ఆవిడ లెక్క.

ఆ మూడేళ్ళలో అన్నీ పాసయ్యాను, ఒక్కటి తప్ప. వేడి గురించిన పేపరది. థర్మోడైనమిక్స్ అని మహా గొప్ప పేరు. రెండుసార్లు రాశాను, రెండుసార్లూ పోయింది. ఎందుకు పోయిందో చెబుతాను, నవ్వొద్దు. మా చర్చి సండే స్కూల్లో కంఠత వాక్యాల పోటీ ఉంటుంది. చిన్నప్పటి నుంచి ప్రతి ఏడూ ఆ స్టీలు గిన్నె నాదే. మా వంటింట్లో కూర గిన్నెలన్నీ నేను గెలిచినవే, అమ్మ ఏనాడూ ఒక గిన్నె కొన్న పాపాన పోలేదు. వాక్యం విన్నానంటే చాలు, చుక్క కామాతో సహా అప్పజెప్పేస్తాను. పదో తరగతి దాకా తెలుగులో చదివి ఒక్కసారిగా ఇంగ్లీషులో పడ్డాక, ఆ విద్యే వాడాను. పేపరు మొత్తం గైడు చూసి వాక్యాల్లాగా కంఠతా పట్టేశాను. కానీ సండే స్కూల్లో టీచరమ్మ వాక్యం నంబరు చెబితే మనం వాక్యం చెప్పాలి. యూనివర్సిటీవాళ్ళు నంబరు చెప్పరు కదా! కాస్త మెలికపెట్టి అడిగేసరికి, వాళ్ళడిగింది ఒకటి, నేను అప్పజెప్పింది ఇంకొకటి.

ఇంతలో బీఈడీ ఎంట్రన్సులో మంచి ర్యాంకే వచ్చింది. బాపట్లలో సీటు ఖాయమన్నారు. టీచర్ని కావాలని నాకు ఎప్పటి నుంచో ఉన్న పిచ్చి. అయితే కాలేజీలో చేరే గడువులోపు డిగ్రీ పాసైన కాగితం చూపించాలి. చివరి అవకాశంగా సప్లిమెంటరీ పరీక్ష, దాని సెంటరు కూడా బాపట్లే. అది పాసైతే టీచరు, పోతే సీటు పోయినట్టే. వచ్చే ఏడు మళ్ళీ ఎంట్రన్సు, మళ్ళీ ఫీజులు. అంత ఓపిక మా ఇంట్లో ఎవరికీ లేదు, నాకు అసలే లేదు. రెండోసారి తప్పిన రోజు నాకు ఒళ్ళు మండిపోయింది. తెనాలిలో నాతో చదివి మానేసిన స్నేహితురాలు చీరాలలో పెద్ద బట్టల కొట్లో చేరింది. ఫోన్ చేసి రమ్మంది. "నా వల్ల కాదమ్మా, చీరలు మడతపెట్టుకు బతుకుతా" అని అమ్మకి చెప్పేశాను. అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఏమీ అనలేదు. ఏమీ అనకపోవడం మా అమ్మకి అలవాటు లేని పని, నేనది పట్టించుకోలేదు.

తర్వాత వచ్చిన ఆదివారం ఇదీ జరిగింది.

మా సంఘంలో కానుకలకి ముందు, ఎవరికైనా దేవుడు మేలు చేసుంటే ముందుకొచ్చి మైకులో సాక్ష్యం చెప్పి స్తుతికానుక ఇస్తారు. జ్వరం తగ్గిందనో, గేదె ఈనిందనో, కొడుక్కి ఉద్యోగం వచ్చిందనో. కొందరు కవరు వేస్తారు. కొందరు కోడినో గుమ్మడికాయనో తెస్తారు, ఆరాధన అయ్యాక బయట వాటిని వేలం పాడతారు. ఆ రోజు మా అమ్మ మా ఎర్ర పుంజు కాళ్ళకి తాడు కట్టి, చంకన పెట్టుకుని ముందుకి నడిచింది. నాన్న నడుంనొప్పి తగ్గినందుకేమో అనుకుని నేను సర్దుకు కూర్చున్నాను.

"మా అమ్మాయి ఫిజిక్సు పాసైంది అయ్యగారూ" అంది అమ్మ మైకులో. "బాపట్లలో టీచరు ట్రైనింగు సీటు కూడా వచ్చింది. దేవుడు చేసిన మేలుకి ఈ చిన్న కానుక."

చర్చంతా ఒక్కసారిగా "స్తోత్రం!" అంది. పుంజు కూసింది. కీబోర్డు వాయించే కుర్రాడు ఉత్సాహం ఆపుకోలేక ఒక రాగం కూడా వేశాడు. నా పక్కనున్న ఆడవాళ్ళు నా వీపు చరిచి చరిచి వాయగొట్టారు. నేను పళ్ళికిలిస్తూ కూర్చుండిపోయాను. మా పాస్టరుగారు, మేం అయ్యగారనే అంటాం, రెండు చేతులూ ఎత్తి ఎంత గొప్ప స్తుతి ప్రార్థన చేశారంటే, ఒక్క నిమిషం నేను నిజంగానే పాసయ్యానేమోనని నాకే అనుమానం వచ్చింది.

బయటికి రాగానే అమ్మని గోడ చాటుకి లాక్కెళ్ళాను. "ఏంటమ్మా ఇది? నేనెప్పుడు పాసయ్యానే?"

"అడిగేటప్పుడే అందిందని నమ్మమన్నారుగా అయ్యగారు. పోయిన వారం ప్రసంగం నువ్వు విన్లేదా?"

"నమ్మమన్నారు. మైకులో చెప్పమన్నారా?"

"నమ్మినప్పుడు చెప్పటానికేంటి?" అంది, కొంగు సర్దుకుంటూ. ఆ మాట నా మొహం చూడకుండా అంది. ఇంక ఆవిడతో వాదించి లాభం లేదని నాకర్థమైంది.

ఆ పుంజుని వేలంలో మా ముఠా మేస్త్రమ్మ పాడుకుంది. కూలీలని పోగేసి పొలాలకి తీసుకెళ్ళే మనిషి, నాకు వరసకి పెద్దమ్మ. మధ్యాహ్నానికల్లా నా పాసు కూరై, కొబ్బరి వేసి, టిఫిన్ క్యారియర్లో మా ఇంటికొచ్చింది. పొద్దున్నే డ్యూటీ దిగొచ్చి నిద్రపోయి లేచిన నాన్నకి సంగతంతా చెబితే, "ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం" అని పడీ పడీ నవ్వి, కూర మారు వడ్డించుకున్నాడు. నేను కూడా తిన్నాను. ఏడుస్తూనే తిన్నాను, కానీ కూర మాత్రం చాలా బాగుంది.

తిన్నాక కూర్చుని ఆలోచిస్తే ముందు నుయ్యి, వెనక గొయ్యి. ఇప్పుడు చీరాల ఎలా పోను? బాపట్లలో టీచరు ట్రైనింగు సీటొచ్చిన పిల్ల చీరాలలో చీరలు మడతపెడుతోందని పండక్కి బట్టలకెళ్ళిన మా ఊరివాళ్ళు చూస్తే, అమ్మ ఆదివారం చర్చిలో మొహం ఎలా చూపిస్తుంది? ఆవిడకి ఉన్న ఒక్క సంబరం ఆదివారం. తెల్లచీర కట్టుకుని, తలలో ఇంత కనకాంబరం పెట్టుకుని, ముందు వరసలో కూర్చునే ఆ మూడు గంటలూ ఆవిడ ఎవరి కూలీ కాదు. దాన్ని నా ఫిజిక్సు కోసం పాడుచేయలేను. సంచి విప్పి, పుస్తకం తీశాను.

తీయగానే ఇంకో చిక్కు. పాసైన పిల్ల చదవకూడదు! ఇంటికి వచ్చినవాళ్ళల్లా "ఇంకా ఏం చదువమ్మా, హాయిగా పడుకో" అంటారు. పక్కింటి పిన్ని అయితే సంచి పట్టుకునే వచ్చింది.

"నీకింక ఆ ఫిజిక్సు పుస్తకంతో పనేముంది? మా పిల్లోడికిచ్చెయ్యవే. నీ చెయ్యి మంచి చెయ్యి, వాడికీ కలిసొచ్చుద్ది."

"ఇస్తాను పిన్నీ. కాస్త అట్టవేసి ఇస్తాను."

ఆ అట్ట నెల పైగా వేశాను. ఆవిడ రోజూ గోడ మీంచి తొంగిచూసి, "అట్ట అయ్యిందా?" అని అడిగేది. ఇంట్లో ఉంటే చదువు సాగదని తెలిసిపోయి, అమ్మతో పాటు నాట్లకి బయల్దేరాను. పొలంలో ఎవరూ అభినందించడానికి రారు, అందరి నడుములూ వంగే ఉంటాయి.

మాది కాలవ చివరి భూమి. నీళ్ళు అందరికన్నా ఆలస్యంగా వస్తాయి, నాట్లూ ఆలస్యమే. చీరల మీద మగవాళ్ళ పాత చొక్కాలు తొడుక్కుని, వరసగా వంగి, నారు నాటుకుంటూ వెనక్కి వెనక్కి నడవాలి. మడిలో దిగినవాళ్ళు వెనక గట్టు తగిలేదాకా వరస వదలకూడదు. ఒక్కరు లేచిపోతే పక్కవాళ్ళ వరసలన్నీ వంకర పోతాయి, పెద్దమ్మ చేత తిట్లు పడతాయి. నేను నాటుతూ నాలో నేను గొణుక్కుంటున్నాను. పెద్దమ్మ చెవులు పాము చెవులు.

"ఏంటే ఆ గొణుగుడు? గాలి గానీ సోకిందా?"

"పాట పెద్దమ్మా."

"పాటలో ఎంట్రొపీ ఏంటే? ఎవడాడు?"

ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదని ఊరంతటికీ తెలుసు. అయినా దొరికిపోయాక దాచేదేముంది? చెప్పేశాను. అటు చివర అమ్మ తల ఎత్తలేదు. పెద్దమ్మ నవ్వీ నవ్వీ, నడుం పట్టుకుని, అమాంతం బురదలో కూలబడింది. ముఠా అంతా నవ్వింది. కాసేపటికి ఆవిడే కళ్ళు తుడుచుకుని, "నవ్వులాట కాదర్రా. ఆ కోడి నా పొట్టలోనే ఉంది. ఇది తప్పిందంటే అది నా లోపల్నించి కూస్తది. ఎవత్తి నోరు జారినా రేపట్నించి పనిలోకి రావక్కర్లేదు" అంది. ఆవిడ నోరే మాకు భయం, ఆ నోటికే అలా తాళం పడింది.

మర్నాటి నుంచి కొత్త గోల మొదలైంది. సెల్లుఫోనులో పాటలు వినీ వినీ విసుగెత్తిందట, నా పాఠం చెప్పమన్నారు. నేను గొంతు సవరించుకుని మొదలుపెడితే ఇంగ్లీషే వచ్చింది. "ఓసి నీ ఇంగ్లీషు బంగారంగానూ, తెలుగులో చెప్పవే" అన్నారు. తెలుగులో చెబుదామని చూస్తే నా బుర్రలో ఏమీ లేదు. చుక్కలు, కామాలు ఉన్నాయి, విషయం లేదు! ఇన్నాళ్ళూ ఖాళీ గిన్నెలు గెలుచుకొచ్చానన్నమాట. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి అట్ట వేయని ఆ పుస్తకాన్ని మొదటిసారి కథలాగా చదివాను. ఒక్కో పేజీకీ, దీన్ని రేపు వీళ్ళకి ఎలా చెప్పాలిరా భగవంతుడా అని ఆలోచిస్తూ చదివాను.

వేడి బయటికి పోయే సందు లేకుండా గాలిని నొక్కితే అదే వేడెక్కుతుందని చెబితే, "అబద్ధం" అంది ఒకామె. సైకిలుకి గాలి కొట్టేటప్పుడు పంపు కింద పట్టుకు చూడమన్నాను. తెల్లారి వచ్చి, "నిజమేనే, చురుక్కుమంది" అని మురిసిపోయింది. సర్దినవి వాటంతటవే చెదిరిపోతాయి గానీ చెదిరినవి వాటంతటవే సర్దుకోవు అని ఎంట్రొపీ సంగతి చెబితే, "ఇంట్లో ముగ్గురు మగాళ్ళున్నారు, నాకు తెలీదా" అంది ఇంకొకామె. అలాంటిది కాదని, వేడికీ దానికీ ఉన్న లంకె చెప్పేసరికి నాకు నాలుగు వరసలు పట్టింది. చెప్పేసరికి నాకే వెలిగింది. గట్టు మీదకొచ్చి ఒక గెంతు గెంతాను.

ఏ నష్టమూ లేకుండా నడిచే ఆదర్శ ఇంజను దగ్గరికొచ్చాక మాత్రం ఇబ్బందైంది.

"ఎక్కడుందే ఆ ఇంజను?" అంది పెద్దమ్మ.

"ఎక్కడా లేదు పెద్దమ్మా. కాగితం మీదే."

"లేని ఇంజను కోసమా నువ్వు రెండుసార్లు తప్పింది?"

"దాన్ని పక్కనబెట్టుకుని మన ఇంజన్లు ఎంత తక్కువో కొలుస్తారు పెద్దమ్మా."

"ఓహో. పక్కింటి కోడలితో పోల్చి నన్ను మా అత్త కొలిచినట్టు. ఆ కోడలూ ఎక్కడా ఉండేది కాదులే." అందరూ విరగబడి నవ్వారు. అమ్మ ఒక్కతే నవ్వలేదు. పని ధ్యాసలో ఉందనుకున్నాను.

పరీక్ష రోజు పొద్దున్నే, ఫీజు వివరాలు కనుక్కోవడానికి బాపట్ల వెళ్తున్నానని వీధి మొత్తానికీ చెప్పి నగరంలో బస్సెక్కాను. కిటికీ పక్కన ఖాళీ ఉంటే కూర్చున్నాను. చెరుకుపల్లిలో ఇంకొకరెవరో ఎక్కి నా పక్కన కూర్చుని "వందనాలమ్మా" అన్నారు. చూద్దును గదా, అయ్యగారు! బాపట్లలో ఏదో మీటింగట.

"బీఈడీ కాలేజీకేనా తల్లీ? సర్టిఫికెట్లు చూస్తారా?"

ఊళ్ళో అందరికీ అబద్ధం చెప్పాను గానీ, నాకు బాప్తిస్మం ఇచ్చిన మనిషి కళ్ళలోకి చూసి చెప్పడానికి నోరు రాలేదు. "పరీక్షకండి" అన్నాను.

"ఏం పరీక్షమ్మా?"

"ఫిజిక్సండి."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. "మరి ఆ రోజు... కోడి..."

"అవునండి."

"నేను స్తుతి ప్రార్థన కూడా చేశాను."

"అవునండి. చాలా బాగా చేశారండి."

"ఇదంతా నా ప్రసంగం వల్లేనా?" అన్నారు నీరసంగా. అవునండి అన్నాను, ఏం చెయ్యను మరి!  ఆయన నా వైపు వంగి, నెమ్మదిగా చెప్పారు. "పాస్టరు చదువులో నేను గ్రీకు రెండుసార్లు తప్పానమ్మా. మూడోసారి గట్టెక్కాను. ఈ సంగతి సంఘంలో ఎవరికీ చెప్పకే తల్లీ." నాకు నవ్వాగలేదు. అంతటి మనిషీ తప్పాడని తెలిస్తే ఎంత ధైర్యమొస్తుందో, అది తప్పినవాళ్ళకే తెలుసు. పొన్నూరు రోడ్డు మీద గతుకులన్నీ నవ్వుతూనే దాటాం.

బాపట్ల బస్టాండులో దిగాక, "ప్రార్థన చెయ్యనా?" అన్నారు.

"చెయ్యండి అయ్యగారూ. స్తుతి మాత్రం వద్దండి. అయ్యింది చాలు. మామూలు ప్రార్థన చెయ్యండి."

ఆయన పకపకా నవ్వారు. బస్టాండులో జనం తిరిగి చూశారు. నవ్వు ఆపుకుని, కళ్ళు మూసుకుని, రెండే రెండు మాటలు ప్రార్థన చేసి పంపించారు.

పేపరు చూశాను. గైడులో ఉన్నట్టు ఒక్కటీ లేదు. పెన్ను పక్కన పెట్టి, కళ్ళు మూసుకుని, మడిలో వంగి ఉన్నట్టు ఊహించుకున్నాను. ఇదే ప్రశ్న పెద్దమ్మ అడిగితే ఏం చెబుతాను? తెలుగులో చెప్పుకున్నాను. దాన్ని చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలుగా రాశాను. గైడులో వాక్యం లాగితే అరపేజీ వస్తుంది, నా వాక్యాలు బెత్తెడు లేవు. అయినా ప్రతిదీ నాదే. సైకిలు పంపు బొమ్మ కూడా వేశాను. బెల్లు కొట్టాక లేస్తే మనసు తేలిగ్గా ఉంది.

ఆ తర్వాత రోజులు ఎలా గడిచాయని అడక్కండి. ఫలితాలు రావు. బాపట్లలో చేరే గడువు దగ్గరికొస్తోంది. పక్కింటి పిన్ని అట్ట అడగడం మానదు. "ఎప్పుడమ్మా చేరేది?" అని చర్చిలో అందరూ అడుగుతారు, అమ్మ "ఈ వారంలోనే" అంటుంది. ప్రతి వారం అదే మాట. రానురాను అమ్మ గొంతు సన్నగిల్లిపోతోంది.

ఆఖరి మడి నాటుతున్న రోజు, గట్టు మీద టీ ఫ్లాస్కు పక్కన పెట్టిన నా ఫోను మోగింది. తెనాలిలో నాతో చదివిన ఇంకో అమ్మాయికి నేనే పురమాయించాను, ఫలితాలు వస్తే చెప్పమని. వరసా లేదు గిరసా లేదు, చేతిలో నారు పారేసి పరిగెత్తాను. "ఓసేయ్, వరస వదలొద్దే!" అని వెనక పెద్దమ్మ అరుపు. ఫోను తడిచేతులకి జారిపోతోంది. ఆ పిల్ల "పాసే, నువ్వు పాసే" అంటోంది, నేను "ఎవరు? ఎవరు?" అని అడుగుతున్నాను. అర్థమయ్యాక నేను పెట్టిన కేకకి కొంగలు లేచిపోయాయి.

"పాసయ్యానే! పాసయ్యాను!"

వరస వదలొద్దని అరిచిన పెద్దమ్మే ముందు వదిలింది. ముఠా మొత్తం గట్టెక్కింది. ఎత్తుకున్నారు, తిప్పారు, తల మీద ఇంత బురద పోసి అభిషేకం చేశారు. ఒకామె నాటిన నారు పీకి నా మీద చల్లుతుంటే పెద్దమ్మ "నాటింది పీకుతావేంటే!" అని దాన్ని కొట్టబోయింది. ఆ గోలలో నేను అమ్మ కోసం చూశాను.

అమ్మ మడి మధ్యలో ఒక్కతే వంగి ఉంది. మాకు వీపు పెట్టి, వెనక్కి నడుస్తూ నాటుతూనే ఉంది. "అమ్మా, పాసయ్యానే!" అని గొంతు చించుకున్నాను. తల ఎత్తలేదు. చేతులు మాత్రం ఎప్పుడూ లేనంత వడిగా పోతున్నాయి. అలాగే నాటుకుంటూ గట్టుకొచ్చి, కాలి మడమ తగిలాక ఆగింది. కాలవలో చేతులు కడుక్కుంది. గట్టు మీద కూర్చుంది. అప్పుడు చూశాను మొహం, చెంపలు, మెడ, చొక్కా కాలరు అన్నీ తడి.

"వినపళ్ళేదా అమ్మా?"

"వినపడింది."

"మరి లేవవేంటి?"

"మధ్యలో లేస్తే పడిపోతాననిపించింది. నాటుకుంటూ వచ్చేశా."

నాకు ఆటపట్టించాలనిపించింది. "నీకేంటమ్మా కంగారు? నీకు ముందే తెలుసుగా. అడిగేటప్పుడే అందిందని నమ్మావుగా!"

"నాకేం తెలుసే?" అంది అమ్మ. "నాకేమీ తెలీదు. నమ్మకమూ లేదు, ఏమీ లేదు. నువ్వు సంచి సర్దుకున్నావు. బతిమాలితే వినే రకం కాదు. కొడదామంటే నాకంటే పొడుగయ్యావు. నిన్ను ఆపటానికి నా దగ్గరేముంది? పదిమందిలో చెప్పేస్తే ఇంక పోలేవనుకున్నా. దేవుడి ముందర నిలబడి అబద్ధమాడాను."

నేను ఆవిడ పక్కనే గట్టు మీద కూర్చున్నాను.

"మొన్న మొదటాదివారం సంస్కారానికి నేను లేవలేదు. చూళ్ళేదా?"

చూళ్ళేదు. ప్రభువు బల్ల దగ్గరికెళ్ళి రొట్టె తీసుకోవడం మా అమ్మ ఒక్క నెల కూడా మానింది లేదు. నన్ను కన్నాక పచ్చి ఒంటితో, నాయనమ్మ వద్దంటున్నా, నన్ను చుట్టబెట్టుకుని వెళ్ళిన మనిషి. ఆ ఆదివారం నేను ఆవిడ పక్కనే కూర్చుని, పరీక్ష ఎలా రాశానో నెమరేసుకుంటూ, లేచి వెళ్ళి తీసుకుని వచ్చాను. పక్కన మనిషి లేవలేదని గమనించనే లేదు.

"అబద్ధం నోట్లో పెట్టుకుని ఆ రొట్టె ఎట్టా తింటాను? నువ్వు పాసై అది నిజమయ్యాక తిందామని ఆగాను."

"పాసవ్వకపోతే?"

"ఇంక తినేదాన్ని కాదు" అంది, గారె వద్దన్నంత మామూలుగా.

నేను ఘొల్లుమన్నాను. బురద చేతులతోనే అమ్మని వాటేసుకుని, చిన్నపిల్లలా ఏడ్చాను. అమ్మ నవ్వుతూ ఏడుస్తోంది, నేను ఏడుస్తూ నవ్వుతున్నాను. "పాసైతే ఏడుస్తారేంటే, తల్లీకూతుళ్ళకి పిచ్చి గానీ పట్టిందా!" అని పెద్దమ్మ మా ఇద్దరికీ చెరో గ్లాసు టీ పోసింది.

ఆ వారమే బాపట్ల కాలేజీలో చేరాను. తర్వాతి నెల మొదటాదివారానికి ఇంటికొచ్చి, ఈసారి కళ్ళు అమ్మ మీదే పెట్టుకుని కూర్చున్నాను. అయ్యగారు ఇంకా పిలవనే లేదు, అమ్మ లేచి, అందరికన్నా ముందు వెళ్ళి బల్ల దగ్గర మోకరించింది. ఆయన రొట్టె అందిస్తుంటే, కళ్ళు గట్టిగా మూసుకుని, ఆకలేసిన చంటిపిల్లలాగా నోరంతా తెరిచింది.